పేగు నుండి నాడికి: క్యాంపైలోబాక్టర్, గిలాన్-బారే వ్యాధుల సంబంధం తేలిన చరిత్ర

వ్యాససంగ్రహం:
పేగుకు సోకిన ఒక బాక్టీరియా, దాని వల్ల వచ్చిన విరేచనాలు తగ్గిపోయిన తర్వాత, నాడులను దెబ్బతీసే వ్యాధికి దారితీయగలదన్న సంగతి 1980లకు ముందు వైద్యశాస్త్రానికి తెలియదు. అప్పటికి ఆ నాడీవ్యాధిని వర్ణించి నూరేళ్లు దాటింది. ఆ బాక్టీరియాను సూక్ష్మదర్శినిలో చూసి కూడా నూరేళ్లు కావస్తోంది. ఈ ఆలస్యం వైద్యుల పరిశీలనాలోపం వల్ల జరిగింది కాదనీ, బాక్టీరియా ప్రయోగశాలలో పెరగకపోవడమూ, నాడీవ్యాధి నిర్వచనం వెన్నుద్రవ పరీక్ష చుట్టూ స్థిరపడిపోవడమూ దీనికి ముఖ్య కారణాలనీ ఈ వ్యాసం నిరూపించ ప్రయత్నిస్తుంది.

కీలకపదాలు: క్యాంపైలోబాక్టర్ జెజునై, గిలాన్-బారే, గ్యాంగ్లియోసైడ్లు, అణు అనుకరణ, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వచ్చి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతాయి. రోగి వాటిని మరచిపోయి తన పనుల్లో పడతాడు. వారం పది రోజులకు పాదాల్లో తిమ్మిరి మొదలవుతుంది. మెట్లు ఎక్కబోతే కాళ్లు సహకరించవు. మరి కొద్ది రోజుల్లో బలహీనత నడుముకు, చేతులకు, కొందరిలో ముఖానికి, మింగే కండరాలకు పాకుతుంది. ఊపిరి తీసే కండరాలు కూడా లొంగిపోతే రోగిని కృత్రిమ శ్వాసయంత్రం మీద ఉంచవలసి వస్తుంది. చాలామంది నెలల వ్యవధిలో కోలుకుంటారు; కొందరిలో లోపం శాశ్వతంగా మిగులుతుంది, కొందరు మరణిస్తారు. గిలాన్-బారే సిండ్రోమ్ అని వైద్యులు, జీబీఎస్ అని తెలుగు పత్రికలు వ్యవహరించే వ్యాధి ఇది. వాడుకలో దీనిని పక్షవాతం అనడం కద్దు గాని ఆ మాట ఇక్కడ పొసగదు. పక్షం అంటే ఒక వైపు. ఈ వ్యాధి సాధారణంగా రెండు వైపులా సమానంగా, కింది నుండి పైకి పాకుతుంది. దెబ్బ తగిలేది మెదడుకు కాదు, వెన్నుపాము నుండి అవయవాలకు వెళ్లే నాడులకు.

ఏటా లక్షమందిలో ఒకరిద్దరికి మాత్రమే వచ్చే వ్యాధి అయినా, పోలియో నిర్మూలన జరిగిన దేశాల్లో కాళ్లుచేతులు హఠాత్తుగా చచ్చుబడడానికి ప్రధాన కారణం ఇదే. దీనికి ముందు వచ్చే అంటురోగాలలో క్యాంపైలోబాక్టర్ జెజునై అనే బాక్టీరియా వల్ల కలిగే అతిసారం మొదటి స్థానంలో ఉంది. నేటి పాఠ్యగ్రంథాల్లో ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే కనిపిస్తాయి. అవి ఒక చోటికి చేరడానికి పట్టిన కాలం, చేరిన తీరు ఇక్కడ పరిశీలనాంశం.

2. నాడీవ్యాధికి పేరు, నిర్వచనం:
1859లో ఫ్రెంచి వైద్యుడు ఆక్టావ్ లాండ్రీ పదిమంది రోగుల వివరాలతో ‘ఆరోహణ పక్షాఘాతం’ అనదగిన ఒక స్థితిని వర్ణించాడు. బలహీనత పాదాల నుండి పైకి ఎగబాకే క్రమాన్ని అతడు వర్ణించిన తీరు నేటికీ ప్రామాణికమే. అప్పటికి సూక్ష్మజీవి సిద్ధాంతం స్థిరపడలేదు. కారణం గురించి అతడు నిశ్చయంగా చెప్పగలిగింది లేదు. ఆరేళ్ల తర్వాత, 1865లో, లాండ్రీ కలరాతో మరణించాడు. పేగువ్యాధికీ నాడీవ్యాధికీ సంబంధాన్ని వెతికే చరిత్రలో మొదటి వ్యక్తి పేగువ్యాధికే బలి కావడం యాదృచ్ఛికమే అయినా చెప్పక వదలలేని సంగతి.

1916లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, ఫ్రెంచి ఆరవ సైన్యపు నాడీచికిత్సా కేంద్రంలో పనిచేస్తున్న జార్జ్ గిలాన్, ఝాఁ అలెగ్జాండ్ర్ బారే, ఆంద్రే స్ట్రోల్ ఇద్దరు సైనికులలో ఈ లక్షణాలను చూశారు. లాండ్రీ చూడలేని ఒకదానిని వారు చూడగలిగారు. 1891లో క్వింకె ప్రవేశపెట్టిన వెన్నుద్రవ సేకరణ పద్ధతి వారికి అందుబాటులో ఉంది. ఆ ద్రవంలో ప్రొటీను బాగా పెరిగింది గాని కణాల సంఖ్య పెరగలేదు. సూక్ష్మజీవులు వెన్నుపామును ముట్టడించినప్పుడు సాధారణంగా కణాలూ పెరగాలి. పోలియోలోనూ, సిఫిలిస్‌లోనూ జరిగేది అదే. ఇక్కడ అలా జరగలేదు కనుక ఇది వేరు వ్యాధి అని ఆ ముగ్గురూ నిర్ణయించారు. కండర ప్రతిచర్యలను పరికరాలతో నమోదు చేసిన స్ట్రోల్ పేరు 1927 నాటికే వ్యాధినామం నుండి జారిపోయింది. లాండ్రీ ప్రస్తావన 1916 నాటి పత్రంలో లేనే లేదు. తాము వర్ణించినది కోలుకునే వ్యాధి కనుక లాండ్రీ చూసిన మారకవ్యాధి వేరని గిలాన్ తరువాత చాలాకాలం పట్టుబట్టాడు.

వెన్నుద్రవ పరీక్ష ఈ వ్యాధికి స్పష్టమైన గుర్తింపునిచ్చిందన్నది నిజం. అయితే ఆ గుర్తింపే అన్వేషణను మరో దిక్కుకు మళ్లించింది. ద్రవంలో క్రిమి లేదు, కణాలు లేవు. కాబట్టి ఇది నాడులలోనే పుట్టిన సమస్య అన్న భావం బలపడింది. రోగి ఆసుపత్రికి వచ్చేది నడవలేని స్థితిలో, నాడీవైద్యుడి దగ్గరకు. రెండు వారాల కిందటి విరేచనాల గురించి అడిగినా వాటిని పరీక్షించే విధానమేదీ అప్పుడు లేదు. ‘ఇటీవల చిన్న జ్వరమో, జలుబో, కడుపు నొప్పో వచ్చింది’ అని రోగచరిత్రలో ఒక వాక్యం మిగిలేది, అంతే.

నాడులలో ఏం జరుగుతోందన్న ప్రశ్నకు జవాబు కూడా అదే దారిలో వచ్చింది. 1955లో వాక్స్‌మన్, ఆడమ్స్ అనే అమెరికన్ పరిశోధకులు కుందేళ్లకు నాడీకణజాలాన్ని ఎక్కించి, వాటి రోగనిరోధక వ్యవస్థ తన నాడులనే దెబ్బతీసేలా చేయగలిగారు. 1969లో ఆస్‌బరీ, ఆర్నాసన్, ఆడమ్స్ మరణించిన రోగుల నాడులలో తెల్లకణాల చొరబాటును, నాడీతంతువుల మీది మయెలిన్ తొడుగు చెదరిపోవడాన్ని వివరించారు. దానితో గిలాన్-బారే అంటే మయెలిన్‌పై దాడి అన్న సమీకరణం స్థిరపడింది. శరీరం తన నాడుల మీదే దాడి చేస్తోందని తేలింది. ఆ దాడిని మొదలుపెట్టించింది ఏమిటన్నది తేలలేదు.

3. చూడగలిగినా పెంచలేకపోయిన సూక్ష్మజీవి:
రెండో కథ మరో రంగంలో, మొదటిదాన్ని ఎరుగకుండా నడిచింది. 1886లో థియొడోర్ ఎషెరిష్ విరేచనాలతో మరణించిన శిశువుల పెద్దపేగులో మెలికలు తిరిగిన సన్నని బాక్టీరియాలను సూక్ష్మదర్శినిలో చూశాడు. ఈ.కోలై బాక్టీరియాకు తన పేరు వదిలివెళ్లిన వైద్యుడు ఇతడే. మెలికల క్రిములు మాత్రం అతడి వర్ధన యానకాల మీద పెరగలేదు. పెరగనిదానిని వ్యాధికారకమని నిరూపించడం ఆ కాలపు ప్రమాణాల ప్రకారం అసాధ్యం. రాబర్ట్ కోహ్ ఏర్పరచిన నియమాలలో సూక్ష్మజీవిని రోగి నుండి వేరుచేసి శుద్ధంగా పెంచడం తప్పనిసరి మెట్టు. ఎషెరిష్ పరిశీలన జర్మన్ పత్రికలో మూలపడిపోయింది. 1985లో గాని దానిని మళ్లీ ఎవరూ వెలికితీయలేదు.

తరువాతి 80 ఏళ్లు ఈ సూక్ష్మజీవి పశువైద్యుల సొత్తు. గొర్రెలలో, ఆవులలో గర్భస్రావాలకు కారణమైన ఇలాంటి బాక్టీరియాను వారు గుర్తించారు. 1931లో దూడల విరేచనాల సందర్భంలో ‘జెజునై’ అన్న పేరు పుట్టింది. చిన్నపేగు మధ్యభాగమైన జెజునం మీద పెట్టిన పేరది. 1938లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో రెండు సంస్థలలోని 355 మందికి పాల ద్వారా వ్యాపించిన అతిసారంలో కొందరి రక్తంలో ఇలాంటి క్రిములు కనిపించాయి. 1957లో అమెరికన్ సూక్ష్మజీవి శాస్త్రజ్ఞురాలు ఎలిజబెత్ కింగ్ విరేచనాలున్న పిల్లల రక్తం నుండి వీటిని వేరుచేసి, ఇవి 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతాయని గమనించింది. మలం నుండి వేరుచేసే ఉపాయం దొరికితే ఇది సాధారణమైన పేగువ్యాధి అని తేలవచ్చునన్న ఆమె అనుమానం తరువాత నిజమైంది. ‘క్యాంపైలోబాక్టర్’ అన్న ప్రజాతి పేరు 1963లో వచ్చింది. గ్రీకులో దాని అర్థం వంకర కర్ర.

చిక్కంతా మలంలోనే ఉంది. అందులోని కోట్ల కొద్దీ ఇతర బాక్టీరియాలు వేగంగా పెరిగి దీనిని కప్పేస్తాయి. 1972లో బ్రస్సెల్స్ పరిశోధకులు డెకెజర్, బుట్‌జ్లర్ బృందం మల ద్రావణాన్ని సూక్ష్మరంధ్రాల వడపోత పొర గుండా పంపింది. సన్నని మెలికల క్రిములు దాటిపోయాయి, లావుపాటివి ఆగిపోయాయి. ఈ పద్ధతి సరైనదే గాని రోజువారీ ప్రయోగశాలకు బరువు. 1977లో ఇంగ్లండులోని వూస్టర్ పట్టణ ఆసుపత్రిలో మార్టిన్ స్కిరో దానిని సులభం చేశాడు. ఇతర బాక్టీరియాలను అణచే మూడు మందులు కలిపిన రక్తయానకాన్ని తయారుచేసి, ఆక్సిజన్ తగ్గించిన గాలిలో 43 డిగ్రీల దగ్గర ఉంచాడు. విరేచనాలతో వచ్చిన 803 మందిలో 57 మందిలో, అంటే 7.1 శాతం మందిలో, క్యాంపైలోబాక్టర్ దొరికింది. విరేచనాలు లేని 194 మందిలో ఒక్కరిలోనూ దొరకలేదు.

పక్షుల శరీర ఉష్ణోగ్రత మనిషి కంటే ఎక్కువ, సుమారు 42 డిగ్రీలు. కోళ్ల పేగుల్లో వాటికి ఏ హానీ చేయకుండా బతికే ఈ బాక్టీరియాను 37 డిగ్రీల దగ్గర, మామూలు గాలిలో పెంచబోవడం వల్లనే ఇంతకాలం అది దొరకలేదు. ప్రయోగశాలల్లోని పొదుగు పెట్టెలను మనిషి జ్వరమానం ప్రకారం అమర్చినంతకాలం మనుషులకు తరచుగా వచ్చే ఒక వ్యాధి మనుషుల వైద్యంలో లేనట్లే ఉండిపోయింది. స్కిరో తన పత్రం శీర్షికలో దీనిని ‘కొత్త’ వ్యాధి అంటూ ఆ మాటను ఉటంకింపు గుర్తుల్లో పెట్టాడు. కొత్తది వ్యాధి కాదు, దానిని చూసే పద్ధతి.

4. రెండు చరిత్రలు కలిసిన చోటు:
స్కిరో పత్రం వచ్చిన ఐదేళ్లకే, 1982లో, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రోడ్స్, టాటర్స్‌ఫీల్డ్ ఒకే ఒక రోగి వివరాలు ప్రచురించారు. ఆ రోగికి క్యాంపైలోబాక్టర్ అతిసారం, వెంటనే గిలాన్-బారే. ఒక్క ఉదంతం ఏమీ నిరూపించదు. విరేచనాలు అందరికీ వచ్చేవే. కాని అడగవలసిన ప్రశ్న ఇప్పుడు అడగదగినదైంది. 1984లో మెల్‌బోర్న్ పరిశోధకులు కాల్డోర్, స్పీడ్ 56 మంది గిలాన్-బారే రోగుల సీరంలో ఇటీవలి క్యాంపైలోబాక్టర్ సంక్రమణ ఆనవాళ్లను 38 శాతం మందిలో కనుగొన్నారు. బాక్టీరియా వెళ్లిపోయినా దానిపై తయారైన ప్రతిరక్షకాలు రక్తంలో కొన్నాళ్లు నిలుస్తాయి. విరేచనాలకూ చచ్చుబాటుకూ మధ్య గడిచిన ఆ పది రోజులను దాటడానికి వారికి దొరికిన వంతెన ఇదే.

దీనిపై వచ్చిన అధ్యయనాలలో అత్యంత పకడ్బందీగా జరిగినది 1995 నాటి బ్రిటిష్ అధ్యయనం. జెరెమీ రీస్, రిచర్డ్ హ్యూస్ బృందం 103 మంది రోగులను, వారితో ఒకే ఇంట్లో ఉన్నవారిని, వారి వయసే గల ఇతర ఆసుపత్రి రోగులను పోల్చింది. రోగులలో 26 శాతం మందికి క్యాంపైలోబాక్టర్ ఆధారాలున్నాయి. ఇంటివారిలో 2 శాతం, ఇతర రోగులలో 1 శాతం మాత్రమే. ఒకే వంట తిన్న ఇంటివారితో పోల్చడం ఇందులోని మేలైన ఆలోచన. సంబంధం యాదృచ్ఛికం కాదని దీనితో అంగీకారం కుదిరింది.

5. హెబెయ్ గ్రామాల పిల్లలు:
సంఖ్యలు సంబంధాన్ని చూపాయి గాని దాని స్వభావాన్ని మార్చిచూపినది ఉత్తర చైనా. హెబెయ్ రాష్ట్రంలోని గ్రామాల నుండి ప్రతి వేసవిలో కాళ్లుచేతులు చచ్చుబడిన పిల్లలు షిజియాజువాంగ్ నగరపు బోధనాసుపత్రికి వచ్చేవారు. పోలియో కావచ్చునన్న అనుమానం సహజమైనదే. అక్కడి వైద్యులకు ఏళ్లుగా పరిచితమైన ఈ ఉపద్రవాన్ని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల నాడీవైద్యులు మక్‌ఖాన్, గ్రిఫిన్, కార్న్‌బ్లాత్, ఆస్‌బరీ చైనా సహోద్యోగులతో కలిసి అధ్యయనం చేసి 1991లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. మొదట దీనిని వేరే వ్యాధిగా భావించి చైనా పేరుతోనే పిలిచారు.

ఈ పిల్లల నాడులలో విద్యుత్ పరీక్షలు చూపినది మయెలిన్ క్షయం కాదు. తొడుగు దాదాపు చెక్కుచెదరలేదు. లోపలి తంతువు, అంటే ఆక్సాన్, దెబ్బతింది. అదీ చాలక నాడులలోనే. స్పర్శను మోసే నాడులు బాగానే ఉన్నాయి. శవపరీక్షలు దీనిని ధ్రువపరిచాయి. 1969 నుండి గిలాన్-బారే అంటే మయెలిన్ వ్యాధి అని చెప్పిన వారిలో ఒకడైన ఆస్‌బరీ ఆ సమీకరణాన్ని విస్తరించిన బృందంలోనూ ఉండడం గమనార్హం. ఈ రూపానికి ‘తీవ్ర చాలక ఆక్సాన్ నాడీవ్యాధి’ అన్న అర్థం వచ్చే పేరు 1993లో స్థిరపడింది. 1995లో టోనీ హో బృందం ప్రకటించిన ఫలితాల్లో ఈ ఆసుపత్రి గిలాన్-బారే రోగులలో 66 శాతం మందికి, గ్రామస్థులైన పోలికవర్గంలో 16 శాతం మందికి ఇటీవలి క్యాంపైలోబాక్టర్ సంక్రమణ ఆధారాలున్నాయి. ఆక్సాన్ రూపం వచ్చినవారిలో అది 76 శాతం, మయెలిన్ రూపం వచ్చినవారిలో 42 శాతం.

పోలికవర్గంలోని ఆ 16 శాతాన్ని బ్రిటన్‌లోని 2 శాతం పక్కన పెట్టి చూడాలి. పరీక్ష పద్ధతులు ఒకటి కావు కనుక అంకెలను నేరుగా తూచలేం. అయినా గ్రామాల నీరు, కోళ్లు, పరిసరాల మధ్య పెరిగే పిల్లలకు ఈ బాక్టీరియా తరచుగా తారసపడుతోందన్నది మాత్రం స్పష్టం. ఐరోపా ఆసుపత్రుల్లో తయారైన వ్యాధినిర్వచనం ఆసియా గ్రామాల్లో ఎక్కువగా కనిపించే రూపాన్ని డెబ్బై ఏళ్లకు పైగా తన పరిధిలోకి తీసుకోలేకపోయింది. ఢాకాలో తరువాత జరిగిన అధ్యయనంలోనూ రోగులలో సగానికి పైగా క్యాంపైలోబాక్టర్ సోకినవారే, ఎక్కువమందిది ఆక్సాన్ రూపమే.

6. చక్కెర గొలుసుల పోలిక:
పేగులోని బాక్టీరియాకు కాలినాడితో ఏం పని? జపాన్ నాడీవైద్యుడు నొబుహిరో యుకి 1990లో ఈ ప్రశ్నకు ఒక ఆనవాలు పట్టుకున్నాడు. క్యాంపైలోబాక్టర్ అతిసారం తర్వాత నాడులు దెబ్బతిన్న ఇద్దరు రోగుల రక్తంలో జీఎం1 అనే గ్యాంగ్లియోసైడ్‌ను గురిచేసుకున్న ప్రతిరక్షకాలు కనిపించాయి. గ్యాంగ్లియోసైడ్లు నాడీకణాల పైపొరలో దట్టంగా ఉండే కొవ్వుపదార్థాలు. వాటి నుండి సియాలిక్ ఆమ్లం తగిలించిన పొట్టి చక్కెర గొలుసులు బయటికి పొడుచుకొని ఉంటాయి. 1993లో యుకి బృందం అటువంటి రోగి నుండి వేరుచేసిన బాక్టీరియా పైపొరను విశ్లేషించి, దాని చివర ఉన్న చక్కెర గొలుసు జీఎం1 గొలుసును పోలి ఉందని చూపింది.

ఒక జీవి అణువు మరో జీవి అణువును పోలి ఉండడాన్ని ‘అణు అనుకరణ’ అన్న పేరుతో 1964లోనే రేమండ్ డామియన్ పరాన్నజీవుల సందర్భంలో చర్చించాడు. గొంతునొప్పి తర్వాత గుండె కవాటాలు చెడే రుమాటిక్ జ్వరానికీ ఇటువంటి వివరణే ఇచ్చారు. కాని అక్కడ పోలికలు అనేకం, తేలనివి అనేకం. ఇక్కడ బాక్టీరియా అణువు, నాడి అణువు, రెంటినీ పట్టుకునే ప్రతిరక్షకం మూడూ చేతికి దొరికాయి. సియాలిక్ ఆమ్లపు ముసుగు బాక్టీరియా తన కోసం వేసుకున్నదే; దానిని శత్రువుగా గుర్తించి శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలు నాడుల మీది అదే ముసుగును పట్టుకుంటాయి. అవి రాన్వియర్ కణుపుల దగ్గర, అంటే మయెలిన్ తొడుగు లేని సన్నని సందుల దగ్గర, అతుక్కొని కాంప్లిమెంట్ ప్రొటీన్లను రప్పిస్తాయి. సంకేతం దాటవలసిన చోటే దారి మూసుకుపోతుంది. ప్రతిరక్షకాలు తగినంతగా తయారు కావడానికి వారం నుండి మూడు వారాలు పడుతుంది. విరేచనాలకూ చచ్చుబాటుకూ మధ్య వ్యవధికి అర్థం ఇది.

కళ్లు కదలక, అడుగులు తడబడి, ప్రతిచర్యలు పోయే ఒక అరుదైన రూపాన్ని 1956లో మిల్లర్ ఫిషర్ వర్ణించాడు. ఆ రోగులలో ప్రతిరక్షకాల గురి జీక్యూ1బీ అనే మరో గ్యాంగ్లియోసైడ్ మీద. అది కంటిని కదిలించే నాడులలో సమృద్ధిగా ఉంటుంది. ఏ గొలుసును అనుకరించాలో నిర్ణయించే జన్యువులలో ముఖ్యమైనది సీఎస్‌టీ-2. అది తయారుచేసే ఎంజైములో 51వ స్థానంలో థ్రియొనీన్ ఉంటే జీఎం1 వంటి గొలుసులు, ఆస్పరాజీన్ ఉంటే జీక్యూ1బీ వంటివి ఏర్పడతాయని 2005 నాటికి తేలింది. బాక్టీరియాలోని ఒక్క అమైనో ఆమ్లం తేడా రోగి కాళ్లు పోతాయా, కళ్లు నిలిచిపోతాయా అన్నదానిని చాలావరకు నిర్ణయిస్తోందన్న మాట.

రుజువు విషయంలో కోహ్ నియమాలు ఇక్కడ పనికిరావు; వ్యాధి బయటపడే వేళకు బాక్టీరియా దోషస్థలంలో ఉండదు, అసలు అది నాడిలోకి ఎన్నడూ వెళ్లలేదు. దీనికి సరిపడే కొలబద్దను 1957లో విటెబ్‌స్కీ ఆటోఇమ్యూన్ వ్యాధుల కోసం రూపొందించాడు. ప్రతిరక్షకాన్ని గుర్తించడం, అది పట్టుకునే పదార్థాన్ని గుర్తించడం, ఆ పదార్థంతో జంతువులో అదే వ్యాధిని కలిగించడం అందులో ప్రధానం. యుకి బృందం 2001లో జీఎం1తో, 2004లో బాక్టీరియా పైపొర పదార్థంతోనే కుందేళ్లలో చచ్చుబాటును కలిగించింది. మనుషులలో ఇటువంటి ప్రయోగం ఎవరూ చేయరు గాని, తెలియకుండా ఒకటి జరిగిపోయింది. నాడీరోగాలకు మందుగా ఐరోపాలో వాడిన పశువుల మెదడు గ్యాంగ్లియోసైడ్ల ఇంజెక్షన్ల తర్వాత కొందరికి గిలాన్-బారే వచ్చింది.

చికిత్స మాత్రం ఈ వివరణ కోసం ఆగలేదు. ప్లాస్మా మార్పిడి 1985లో, ఇమ్యూనోగ్లోబ్యులిన్ 1992లో ఫలితమిస్తాయని పరీక్షల్లో తేలాయి.

అనుకరణ సిద్ధాంతం జవాబివ్వని ప్రశ్న ఒకటుంది. క్యాంపైలోబాక్టర్ సోకిన వెయ్యిమందిలో గిలాన్-బారే వచ్చేది ఒక్కరికి, లేదా అంతకన్నా తక్కువ. ముసుగు ఉన్న బాక్టీరియా సోకినా అత్యధికులకు ఏమీ కాదు. రోగి జన్యువులలో కారణాన్ని వెతికిన అధ్యయనాలు నమ్మదగిన ఒక్క జవాబుకు చేరలేదు. బాక్టీరియా వైపు కథ ఇంత వివరంగా తెలిసి, మనిషి వైపు కథ ఇంత తక్కువగా తెలియడం ఈ రంగంలోని పెద్ద ఖాళీ.

7. పుణె, న్యూజీలాండ్:
2025 జనవరిలో మహారాష్ట్రలోని పుణె నగరంలో, సింహగడ్ రోడ్డు పరిసరాల్లో, గిలాన్-బారే కేసులు ఒక్కసారిగా పెరిగాయి. అనుమానిత కేసుల సంఖ్య 200 దాటింది. పలువురి మలనమూనాలలో క్యాంపైలోబాక్టర్ జెజునై, కొన్నింటిలో నోరోవైరస్ దొరికాయి. అనుమానం తాగునీటి మీదకు మళ్లింది. ఆ వెంటనే ఫిబ్రవరిలో గుంటూరు ఆసుపత్రిలోని జీబీఎస్ కేసులూ తెలుగు పత్రికలకెక్కాయి. రెంటినీ ఒక గాటన కట్టడం సరికాదు. లక్షకు ఒకరిద్దరి చొప్పున లెక్కించినా తెలుగు రాష్ట్రాలు రెండింటిలో ఏటా వందల సంఖ్యలో ఈ వ్యాధి రావలసిందే. వార్తల్లో కనిపించినంత మాత్రాన అవి ఉపద్రవం కావు. ఒక చోట, కొద్ది వారాల్లో, మామూలు లెక్కను మించి రావడం ఉపద్రవానికి గుర్తు. పుణెలో జరిగినది అదే. 2007లో చైనాలోని జిలిన్ రాష్ట్రంలోనూ, 2019లో పెరూలోనూ ఇటువంటి ఉపద్రవాలు వచ్చాయి. విశేషమేమంటే ఆ రెండు చోట్లా దొరికిన బాక్టీరియా ఒకే జన్యురకానికి చెందినది. కాళ్లు చచ్చుబడి వచ్చిన ప్రతి రోగి మలాన్నీ మొదటి రోజే, యాంటీబయాటిక్స్ ఇవ్వకముందే, సరైన యానకం మీద వేయకపోతే ఇటువంటి పోలికలు దొరకవు. స్కిరో 1977లో సులభం చేసిన పరీక్ష నేటికీ చాలా జిల్లా ఆసుపత్రుల నిత్యవిధిలో లేదు.

కారణాన్ని నిరూపించే దారి మరొకటి కూడా ఉంది. కారణాన్ని తగ్గిస్తే ఫలితం తగ్గుతుందా అని చూడడం. క్యాంపైలోబాక్టర్ అతిసారం విపరీతంగా ఉన్న న్యూజీలాండ్‌లో 2006 తర్వాత కోడిమాంసం ప్రాసెసింగ్‌పై కఠిన నియంత్రణలు వచ్చాయి. అవి నాడీవ్యాధిని ఉద్దేశించినవి కావు, ఆహారభద్రతకు సంబంధించినవి. మైకేల్ బేకర్ బృందం 2012లో ప్రకటించిన లెక్కల ప్రకారం క్యాంపైలోబాక్టర్ కేసులు 52 శాతం తగ్గాయి. గిలాన్-బారేతో ఆసుపత్రిలో చేరినవారు 13 శాతం తగ్గారు. రెండో అంకె చిన్నదిగా కనిపించడానికి కారణముంది. సైటోమెగాలో వైరస్, మైకోప్లాస్మా వంటివి తెచ్చిపెట్టే గిలాన్-బారే కోళ్ల కబేళాలో శుభ్రతకు లొంగదు. లొంగినవి క్యాంపైలోబాక్టర్ వాటాకు చెందిన కేసులే.